మిద్దెకు కూడా సున్నం కొడదాం

బిడ్డ ఏడుస్తోంది

రాత్రి పన్నెండు గంటలయింది. ఊరంతా నిద్రపోతోంది. ఒక ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. పసిబిడ్డ ఏడుస్తోంది.

అది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. శివరాత్రి దాటి పది రోజులే అయింది. అప్పుడే ఎండలు ముదిరాయి.

ఇల్లు కొత్తది. మూడేళ్ళ కిందట కట్టుకున్నారు. రెండు గదులు. పైన సిమెంటు స్లాబు. ఇంటి పట్టా కోడలి పేరున ఉంది.

పైన ఫ్యాను తిరుగుతోంది. కానీ వేడి గాలే కొడుతోంది. బిడ్డ ఒళ్ళంతా చెమటకాయలు. కోడలు తడిగుడ్డతో బిడ్డ ఒళ్ళు తుడిచింది. విసనకర్రతో విసిరింది. అయినా బిడ్డ ఏడుపు ఆపలేదు.

పక్కనే అత్తామామల పాత ఇల్లు ఉంది. అది మట్టిమిద్దె. కోడలు బిడ్డను ఎత్తుకుని పోయి తలుపు తట్టింది.

"అత్తా, ఇంట్లో ఒకటే ఉడుకు. బిడ్డ నిద్రే పోలేదు" అంది.

"ఇట్ల తీసుకురామ్మే. ఈడ పండబెట్టు" అంది అత్త.

ఆ ఇంట్లో ఫ్యాను కూడా లేదు. అయినా కాసేపటికి బిడ్డ నిద్రపోయింది. కోడలికి మాత్రం నిద్ర పట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ ఆలోచించింది.

"పాత ఇల్లు చల్లగా ఉంది. లక్షలు పోసి కట్టిన కొత్త ఇల్లు కాగుతోంది. ఎందుకు ఇట్లా?"

పాత మిద్దె సంగతి

తెల్లవారింది. కోడలు అదే మాట అత్తను అడిగింది. అత్త నవ్వింది.

"ఈ గోడ చూడు. రాతిగోడ. చెయ్యి చాపితే ఈ పక్క నుంచి ఆ పక్కకు అందదు. పైన దూలాలు. దూలాల మీద దంతెలు. దంతెల మీద కంప, గడ్డి. దాని మీద మట్టి. అన్నిటికన్నా పైన చౌడు మన్ను. అంత మందం దాటుకొని ఎండ ఎప్పటికి లోపలికొస్తాది?" అంది.

రాయలసీమ పల్లెల్లో ముందు తరాలవాళ్ళు ఇలాంటి మిద్దెలే కట్టుకున్నారు. చౌడు మన్ను తడిస్తే ఉబ్బుతుంది. దాని సందులు మూసుకుపోతాయి. అందువల్ల వాన నీరు కిందికి దిగదు. పంటకు పనికిరాని చౌడు ఇంటికి పనికొచ్చింది.

మిద్దె నడుమ గవాచి ఉండేది. అంటే పైకప్పులో చిన్న కంత. వేడిగాలి తేలికగా ఉంటుంది. పైకి పోతుంది. ఆ గాలి, పొయ్యి పొగ గవాచిలో నుంచి బయటికి పోయేవి. వెలుతురు లోపలికి వచ్చేది.

మరి ఇప్పుడు అందరూ మట్టిమిద్దెలే కట్టుకోవాలా? అది కుదరదు. ఆ ఇళ్ళలో కష్టాలు కూడా ఉన్నాయి. ఏటా వానలకు ముందు చౌడు ఎత్తిపోయాలి. దూలాలకు చెదలు పడుతుంది. ముసురు పట్టితే మిద్దె కారుతుంది. ఒక్కోసారి కూలుతుంది కూడా. గోడ సందుల్లో తేళ్ళు చేరతాయి. అత్తే అంది: "ఆ చౌడు గంపలు మోసి మోసి నా నడుము పోయింది. మీకు ఆ బాధ లేదు."

కాబట్టి పాత ఇల్లు మళ్ళీ రాదు. కానీ పాత ఇంటి తెలివి తీసుకోవచ్చు. ఆ తెలివి ఒక్కటే: ఎండను పైకప్పు దగ్గరే ఆపాలి.

స్లాబు ఎందుకు కాగుతుంది?

ఎండాకాలంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గోడల మీద ఎండ తక్కువ. పైకప్పు మీద ఎక్కువ.

స్లాబు మందం నాలుగైదు అంగుళాలే. పాతబడిన సిమెంటు నల్లబడుతుంది. నల్లని వస్తువు ఎండను తాగేస్తుంది. పొయ్యి మీద పెనం లాగా స్లాబు పగలంతా కాగుతుంది. పొద్దు గూకిన తర్వాత ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. అందుకే బయట చల్లబడినా ఇంట్లో ఉడుకు తగ్గదు.

తాడిపత్రి నల్లబండలు పరిచిన కప్పు కూడా ఇంతే. రేకుల ఇల్లు ఇంకా కష్టం. రేకు పలుచన. ఎండ పడిన వెంటనే కాగుతుంది.

ఉడుకు అంటే చెమట పట్టడం మాత్రమే కాదు. అది ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2015 వేసవిలో వడదెబ్బకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. పసిబిడ్డలు, ముసలివాళ్ళు, గర్భిణులు, ఎండలో కూలి చేసేవాళ్ళు ఉడుకును తట్టుకోలేరు. పగలు ఎండలో పనిచేసిన ఒంటికి రాత్రి చల్లని నిద్ర కావాలి. ఆ నిద్ర లేకపోతే మరునాడు జబ్బు పడతారు. జబ్బు పడితే కూలి పోతుంది.

కూలరు లెక్క

కొడుకు పని నుంచి వచ్చాడు. "రేపు టౌనుకు పోయి కూలరు తెస్తా. కంతుల మీద ఇస్తారంట" అన్నాడు.

"ఈసారి శెనక్కాయ పంట చేతికి రాలేదు కదప్పా. కంతులు ఎట్ల కడతావు?" అంది అత్త.

కోడలు ఏమీ అనలేదు. ఆ రాత్రి పొదుపు సంఘం మీటింగులో ఈ మాట ఎత్తింది. ఆ సంఘంలో పుస్తకం రాసే అక్క ఉంది. ఆమె పెద్దయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు లెక్కల్లో ఆమెను మించినవాళ్ళు లేరు.

"రాండి, లెక్క చూద్దాం" అని ఆమె సుద్దముక్కతో బండ మీద రాసింది.

వెయ్యి వాట్ల కరెంటు ఒక గంట వాడితే ఒక యూనిట్.

మామూలు ఫ్యాను 75 వాట్లు. రోజుకు 10 గంటలు తిరిగితే 750. నెలకు 22,500. అంటే 22న్నర యూనిట్లు.

చిన్న కూలరు 150 వాట్లు అనుకుందాం. రోజుకు 10 గంటలు తిరిగితే 1,500. నెలకు 45,000. అంటే 45 యూనిట్లు.

"యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్ ధర కూడా పెరుగుతాది. అది మరవద్దండి" అంది అక్క.

"మరి నీళ్ళో?" అంది ఒక ముసలామె. "కూలరు నీళ్ళు తాగుతాది గదా. రోజుకు రెండు మూడు బిందెలన్నా పోయాల."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనంతపురం మన దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం దూరం కాబట్టి ఆ వాన కూడా సరిగా అందదు. 2022లో జిల్లా రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. జిల్లాలు రెండయినా కరువు ఒక్కటే. ఎండాకాలంలో బిందె నీళ్ళకు కొళాయి దగ్గర కాచుకునే ఊళ్ళు రెండింట్లోనూ ఉన్నాయి. ఆ నీళ్ళు మోసేది ఎవరు? ఆడవాళ్ళే.

"కూలరు తెస్తే నాకు ఇంకో చాకిరీ అయితాది" అంది కోడలు.

ఉగాది వస్తోంది

అప్పుడు పుస్తకం రాసే అక్క ఒక మాట అడిగింది.

"ఉగాదికి మనం ఏం చేస్తాం?"

"ఇల్లు అలుకుతాం. సున్నం కొడతాం."

"సున్నం దేనికి కొడతాం?"

"గోడలకు."

"మిద్దె పైన కొడతామా?"

ఎవరూ మాట్లాడలేదు. కోడలు నవ్వేసింది. "పైన ఎవరు చూస్తారక్కా?" అంది.

"ఎండ చూస్తాది" అంది అక్క.

అది నిజం. తెల్లని వస్తువు ఎండను తిప్పి పంపుతుంది. రూపాయి ఎండ పడితే, కొత్తగా కొట్టిన సున్నం సుమారు ముప్పావలా తిప్పి పంపేస్తుంది. నల్లబడిన స్లాబు సుమారు ముప్పావలా తాగేస్తుంది. పైకప్పు తెల్లగా ఉంటే ఇంటి లోపల వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. దీన్నే "చల్లని కప్పు" అంటున్నారు. ఇంగ్లీషులో కూల్ రూఫ్.

ఇది కొత్త విద్య కాదు. గ్రీసు దేశంలో సముద్రం నడుమ ఉన్న దీవుల్లో ఇళ్ళకు సున్నం కొట్టడం పాత అలవాటు. అమెరికాలో న్యూయార్క్ నగరం 2009 నుంచి పైకప్పులకు తెల్లరంగు వేయిస్తోంది. మన దేశంలో అహ్మదాబాదు నగరం పేదల ఇళ్ళ కప్పులకు తెల్లపూత వేయించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు అక్కడ చల్లని కప్పు తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్ళకు అది వాళ్ళ ఇష్టం.

సున్నం ఎలా కలపాలి?

కోడలు, కొడుకు కలిసి పని మొదలుపెట్టారు. మీరూ ఇలా చేయవచ్చు.

1. కప్పు మీద దుమ్ము, నాచు, ఆకులు ఊడ్చేయండి. పగుళ్ళు ఉంటే ముందు సిమెంటుతో పూడ్చండి. కడిగి ఆరనివ్వండి.

2. ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోయండి. అందులో సున్నపురాళ్ళు కొంచెం కొంచెంగా వేయండి. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్ళు.

3. నీళ్ళు సలసల కాగుతాయి. దూరంగా నిలబడండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు వాడండి. కంట్లో సున్నం పడితే వెంటనే చాలా నీళ్ళతో కడిగి, ఆస్పత్రికి పోండి.

4. ఒక రోజంతా నాననివ్వండి. తర్వాత ముతకగుడ్డలో వడకట్టండి.

5. జిగురు వేడినీళ్ళలో కరిగించి కలపండి. 10 లీటర్ల సున్నం నీళ్ళకు 40 గ్రాముల జిగురు. జిగురు లేకపోతే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది.

6. పొద్దున చల్లని పూట కొట్టండి. ఒక పూత ఆరిన తర్వాత రెండో పూత వేయండి. మొదటి పూత నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయండి.

వానకు సున్నం కొంత కొట్టుకుపోతుంది. దుమ్ము పడి మాసిపోతుంది. కాబట్టి ఏటా ఎండలకు ముందు మళ్ళీ కొట్టాలి. మిద్దె మీద పడిన వాననీళ్ళు పట్టుకునేవాళ్ళు మొదటి వానల నీళ్ళు వదిలేయాలి. రేకులకు సున్నం సరిగా పట్టదు. వాటికి తెల్లరంగు వేసుకోవాలి. సిమెంటు రేకుల మీద నిలబడకూడదు. పగిలి కింద పడతారు.

ఒక గది తెల్లన, ఒక గది నల్లన

కొడుక్కి ముందు నమ్మకం కలగలేదు. "సున్నానికే ఉడుకు తగ్గితే కూలర్లు ఎవరు కొంటారు?" అన్నాడు.

"అయితే సగమే కొడదాం. చూద్దాం" అంది కోడలు. బిడ్డ పడుకునే గది పైన మాత్రమే కొట్టారు. రెండో గది అలాగే వదిలేశారు.

మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు కొడుకు మిద్దె ఎక్కాడు. చెప్పులు విడిచాడు. సున్నం లేని వైపు కాలు పెట్టాడు. చురుక్కుమంది. వెంటనే కాలు తీసేశాడు. తెల్లని వైపు కాలు పెట్టాడు. అక్కడ నిలబడగలిగాడు.

ఆ రాత్రి బిడ్డ తెల్లకప్పు కింద పడుకుంది. ఫ్యాను తిరిగింది. ఈసారి అంత వేడి గాలి రాలేదు. బిడ్డ నడిజామున ఒక్కసారే లేచింది. పాలు తాగి మళ్ళీ పడుకుంది.

ఉడుకు పూర్తిగా పోయిందా? పోలేదు. అనంతపురంలో ఎండాకాలం ఎండాకాలమే. కానీ తట్టుకోగలిగేంత తగ్గింది. మరునాడు కొడుకే రెండో గది పైన సున్నం కొట్టాడు. పడమటి కిటికీ ముందు కోడలు బీరతీగకు పందిరి వేసింది. అంట్లు కడిగిన నీళ్ళు దానికి పోసింది. ఇంటి వెనక వేపమొక్క నాటింది.

ఎండ ఎందుకు పెరుగుతోంది?

"మా చిన్నప్పుడు ఇంత ఎండ లేదు" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటలో నిజం ఉంది.

కురుబలు నేసిన కంబళి మనకు తెలుసు. కప్పుకుంటే ఒంటి వేడి బయటికి పోదు. భూమికి కూడా గాలిలో అలాంటి కంబళి ఉంది. అందులో బొగ్గుపులుసు వాయువు ఒకటి. ఆ కంబళి ఉండాలి. లేకపోతే భూమి గడ్డకట్టుకుపోతుంది. కానీ బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించే కొద్దీ ఆ వాయువు పెరుగుతోంది. కంబళి మందమవుతోంది. గత 150 ఏళ్ళలో భూమి వేడి సగటున 1 డిగ్రీకి పైగా పెరిగింది.

దీనికీ మన ఇంటి ఫ్యానుకూ సంబంధం ఏమిటి?

కరెంటు చాలావరకు బొగ్గు నుంచే వస్తుంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటుకు అర కిలోకు పైగా బొగ్గు కాలుతుంది. మన ప్రాంతంలో రామగిరి కొండల మీద గాలిమరలు ఉన్నాయి. నంబులపూలకుంటలో సూర్యరశ్మి నుంచి కరెంటు తీస్తున్నారు. అది 2016లో మొదలయింది. ఇవి మంచివి. కానీ రాత్రి సూర్యుడు ఉండడు. ఉడుకుకు అందరూ రాత్రంతా ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు తిప్పుతారు. అప్పుడు బొగ్గు మీదే భారం పడుతుంది. ఇల్లు చల్లగా ఉంటే ఆ భారం తగ్గుతుంది. మిగిలిన యూనిట్ మన డబ్బు. మిగిలిన బొగ్గు మన పిల్లల గాలి.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పుకోవాలి. ఈ కంబళిని మందం చేసింది పల్లెలో రెండు బల్బులు వెలిగించుకునే ఆడమనిషి కాదు. గొప్ప దేశాలు, పెద్ద ఫ్యాక్టరీలు, ఏసీలు నిండిన అద్దాల భవనాలు ఎక్కువ మండించాయి. ఎండకు ముందుగా మాడేది మాత్రం కూలినాలి చేసుకునేవాళ్ళు. అందుకే బాధ్యత అందరికీ ఒక్కటిగా ఉండకూడదు. ఎక్కువ మండించినవాళ్ళు ఎక్కువ తగ్గించాలి.

2015లో పారిస్ నగరంలో దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. భూమి వేడి పెరుగుదల 2 డిగ్రీలకు బాగా లోపే ఉండాలని, వీలైతే 1.5 డిగ్రీల దగ్గర ఆపాలని అనుకున్నాయి. మన దేశం 2001లోనే ఇంధన పొదుపు చట్టం చేసింది. 2007లో పెద్ద భవనాలకు, 2018లో నివాస భవనాలకు నియమావళి వచ్చింది. గోడ, కిటికీ, పైకప్పు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో అందులో రాశారు. మన అత్తలు చౌడు గంపలతో చేసిన పనే ఇప్పుడు నియమం అయింది.

బల్బుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2014-15లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌ఈడీ బల్బుల పథకం ముందుగా వచ్చిన జిల్లాల్లో అనంతపురం ఒకటి. పాత 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 7 వాట్ల ఎల్‌ఈడీ వెలిగితే నెలకు ఒక యూనిట్ చిల్లర. వెలుగు మాత్రం తగ్గదు. ఫ్యాను కొనేటప్పుడు కూడా దాని మీద నక్షత్రాలు లెక్కపెట్టండి. నక్షత్రాలు ఎక్కువ ఉంటే కరెంటు తక్కువ తాగుతుంది.

అర్జీ

ఉగాది వచ్చింది. ఆ ఏడు సంఘంలో పదకొండు ఇళ్ళ మిద్దెలు తెల్లబడ్డాయి. కూలరు కంతులు కట్టే పని కోడలికి తప్పింది.

పండుగ మరునాడు సంఘం మళ్ళీ కూర్చుంది. "మన ఇళ్ళు సరే. అంగన్‌వాడీ సంగతేమి? మన బిడ్డలు పగలంతా ఆ స్లాబు కిందే గదా ఉండేది" అంది కోడలు. అందరూ కలిసి గ్రామసభకు అర్జీ రాసుకున్నారు.

"గ్రామ సర్పంచి గారికి,

మా ఊరి అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల పైకప్పులు ఎండకు బాగా కాగుతున్నాయి. పిల్లలు ఉడుకుకు తట్టుకోలేక పోతున్నారు. ఏటా ఎండలకు ముందు ఆ కప్పులకు తెల్లసున్నం కొట్టించాలి. ఇకమీదట ఊళ్ళో కట్టే ప్రతి ప్రభుత్వ భవనానికి తెల్లకప్పు, గాలి ఆడే కిటికీలు, పడమట చెట్లు ఉండాలి. ఈ సంగతి గ్రామసభలో చర్చించి తీర్మానం చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
మహిళా పొదుపు సంఘం సభ్యులు."

పుస్తకం రాసే అక్క అర్జీని గట్టిగా చదివి వినిపించింది. ఒక్కొక్కరు వచ్చి కింద పేరు రాశారు. అత్త అందరికన్నా చివర వచ్చింది. ఆమె ఆ ఏడే అక్షరాలు నేర్చుకుంది. కలం పట్టుకుని మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

ఆ కాగితం మీద వేలిముద్ర ఒక్కటి కూడా లేదు.

ఈ మాటలు చదవండి, రాయండి

మిద్దె, చౌడు, గవాచి, దూలం, సున్నం, యూనిట్, కంబళి, బొగ్గుపులుసు వాయువు, అర్జీ, తీర్మానం

జవాబులు చెప్పండి

1. అత్త ఇల్లు ఎందుకు చల్లగా ఉంది?
2. రాత్రి అయినా స్లాబు ఇంట్లో ఉడుకు ఎందుకు తగ్గదు?
3. కూలరు వల్ల ఆడవాళ్ళకు ఏ పని పెరుగుతుంది?
4. సున్నం కలిపేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

లెక్క చేయండి

మీ ఇంట్లో 60 వాట్ల పాత బల్బులు రెండు ఉన్నాయి. రోజుకు 5 గంటలు వెలుగుతాయి. నెలకు ఎన్ని యూనిట్లు? వాటి బదులు 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెడితే ఎన్ని యూనిట్లు మిగులుతాయి? మీ కరెంటు బిల్లు తీసి, ఈ నెల ఎన్ని యూనిట్లు కాలాయో చదవండి.

చేసి చూడండి

రెండు పాత రేకు డబ్బాలు తీసుకోండి. ఒకదానికి బయట మసి పూయండి. ఒకదానికి సున్నం పూయండి. రెండింట్లో సమానంగా నీళ్ళు పోసి మూత పెట్టండి. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఉంచండి. తర్వాత వేలు పెట్టి చూడండి. ఏ డబ్బాలో నీళ్ళు ఎక్కువ కాగాయి? ఎందుకో మీ సంఘంలో మాట్లాడుకోండి.